నిరుద్యోగం తగ్గితే ధరలు పెరుగుతాయా? ఫిలిప్స్ వక్రరేఖ, మన దేశపు లెక్కలు

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. నిరుద్యోగం తగ్గితే ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరిగే వేగం, పెరుగుతుందని, ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయాలంటే కొంత నిరుద్యోగాన్ని భరించక తప్పదని పోటీ పరీక్షల పుస్తకాలు చెబుతుంటే, మన దేశంలో ఉద్యోగాలు దొరకడం లేదన్న బాధ, ధరలు మండిపోతున్నాయన్న బాధ ఒకేసారి ఎందుకు వినిపిస్తున్నాయన్నది మొదటిది. రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేట్లు పెంచినప్పుడల్లా తెలిసి తెలిసి ఉద్యోగాలకు కోత పెడుతున్నట్టేనా అన్నది రెండవది. చాలా ఏళ్లుగా ఈ పాఠాన్ని తరగతి గదిలో చెబుతూ వచ్చినవాడిగా, పుస్తకాల్లో అర పేజీలో ముగిసిపోయే ఈ విషయానికి కొంత ఎక్కువ చోటు తీసుకుని సమాధానం రాస్తున్నాను. ఆ అర పేజీ చదివి ఆగిపోయిన విద్యార్థులు సొంత దేశపు గణాంకాలను తప్పుగా అర్థం చేసుకోవడం నేను తరచూ చూస్తున్నాను.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. నిరుద్యోగానికి, ద్రవ్యోల్బణానికి మధ్య ఒకటి తగ్గితే మరొకటి పెరిగే విలోమ సంబంధం నిజంగానే ఉంది, కానీ అది నేరుగా పనిచేయదు, కూలికి లేదా జీతానికి పనిచేసేవారి వేతనాల ద్వారా పనిచేస్తుంది. పనివారి కొరత ఏర్పడితే యజమానులు వేతనం పెంచక తప్పని పరిస్థితి ఉండాలి, ధరల పెరుగుదల గిరాకీ నుంచి పుట్టి ఉండాలి, రేపటి ధరల గురించి ప్రజల అంచనాలు స్థిరంగా ఉండాలి. ఈ మూడూ ఉన్నచోట ఆ సంబంధం కంటికి కనిపిస్తుంది. మన ఆర్థిక వ్యవస్థలో మొదటి రెండు షరతులు ఒక చిన్న భాగంలో మాత్రమే నెరవేరుతున్నాయి.

న్యూజీలాండ్‌లో పుట్టి, విద్యుత్ ఇంజినీరుగా పనిచేసి, తరువాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆచార్యుడైన ఎ. డబ్ల్యు. ఫిలిప్స్ 1958లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. 1861 నుంచి 1957 వరకు బ్రిటన్‌లో ద్రవ్య వేతనాలు, అంటే చేతికి డబ్బు రూపంలో అందే వేతనాలు, ఏటా ఎంత శాతం మారాయో, అదే ఏడాది నిరుద్యోగ రేటు ఎంత ఉందో ఆయన పక్కపక్కన పెట్టి చూశారు. నిరుద్యోగం బాగా తక్కువగా ఉన్న సంవత్సరాల్లో యజమానులు ఒకరి పనివారిని మరొకరు ఎక్కువ జీతమిచ్చి లాక్కోవడం వల్ల వేతనాలు వేగంగా పెరిగాయి. నిరుద్యోగం ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం, ఉన్న జీతం తగ్గించుకోవడానికి కార్మికులు ఒప్పుకోరు కాబట్టి, వేతనాలు అంత వేగంగా పడిపోలేదు. నిరుద్యోగాన్ని అడ్డంగా, వేతనాల మార్పును నిలువుగా పెట్టి గీసిన ఆ రేఖే ఫిలిప్స్ వక్రరేఖ, అందుకే అది సరళరేఖ కాకుండా ఎడమవైపు నిటారుగా, కుడివైపు దాదాపు చదునుగా వంగి ఉంటుంది. ఫిలిప్స్ గీసింది వేతనాల రేఖ అన్న సంగతిని మన పుస్తకాలు దాదాపుగా విస్మరిస్తాయి. వేతనం 5 శాతం పెరిగి, ఒక్కో కార్మికుడి ఉత్పత్తి కూడా 3 శాతం పెరిగితే, ఒక్కో వస్తువుపై పడే వేతన ఖర్చు సుమారు 2 శాతమే పెరుగుతుంది. అందుచేత వేతనం నుంచి ధరకు వెళ్లేలోపు ఉత్పాదకతను తీసివేయాలి. ఉత్పాదకత ఏటా 2 శాతం పెరుగుతుందనుకుంటే, బ్రిటన్‌లో ధరలు నిలకడగా ఉండటానికి నిరుద్యోగం 2.5 శాతం కంటే కొంచెం తక్కువగా ఉంటే చాలునని, వేతనాలే నిలకడగా ఉండాలంటే అది సుమారు 5.5 శాతం ఉండాలని ఫిలిప్స్ స్వయంగా లెక్కగట్టారు.

వేతనాల స్థానంలో ధరలను పెట్టి, దానిని ప్రభుత్వాల ముందున్న ఎంపికల పట్టికగా చూపించినవారు అమెరికన్ ఆర్థికవేత్తలు పాల్ శామ్యూల్సన్, రాబర్ట్ సోలో. 1960లో వచ్చిన వారి వ్యాసంలోనే ఈ రేఖ కాలక్రమంలో తన చోటు నుంచి జరగవచ్చన్న హెచ్చరిక కూడా ఉంది. తరువాతి పాఠ్యపుస్తకాలు పట్టికను నిలుపుకున్నాయి, హెచ్చరికను వదిలేశాయి. 1960వ దశకం అమెరికా ఆ పట్టికకు అచ్చమైన ఉదాహరణగా కనిపించింది. 1961లో 6.7 శాతం ఉన్న నిరుద్యోగం 1969 నాటికి 3.5 శాతానికి దిగింది, సుమారు 1 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 5.5 శాతానికి చేరింది.

ఆ రేఖ ఇంకా చక్కగా పనిచేస్తున్న రోజుల్లోనే, 1967 డిసెంబరులో, ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో అది నిలవదని చెప్పారు. మరో ఆర్థికవేత్త ఎడ్మండ్ ఫెల్ప్స్ విడిగా అదే నిర్ణయానికి వచ్చారు. వారి తర్కం ఇది. కార్మికుడు జీతం మాట్లాడుకునేది రాబోయే ఏడాదికి. ధరలు 2 శాతం పెరుగుతాయనుకుని అతను 4 శాతం పెంపుకు ఒప్పుకున్నాడనుకుందాం. ధరలు నిజానికి 5 శాతం పెరిగితే అతని వాస్తవ వేతనం, అంటే ఆ జీతంతో కొనగలిగే సరుకు, తగ్గిపోయింది, యజమానికి శ్రమ చవకైంది, అందువల్ల యజమాని మరికొందరిని పనిలోకి తీసుకున్నాడు. ఆ విధంగా నిరుద్యోగం తగ్గింది. కానీ మరుసటి ఏడాది కార్మికుడు 5 శాతాన్ని లెక్కలోకి తీసుకునే బేరమాడతాడు. శ్రమ మళ్లీ ఖరీదవుతుంది, నిరుద్యోగం పాత స్థాయికి తిరిగివస్తుంది, ద్రవ్యోల్బణం మాత్రం 5 శాతం దగ్గరే ఉండిపోతుంది. నిరుద్యోగాన్ని ఆ పాత స్థాయికి, అంటే సహజ నిరుద్యోగ రేటుకు, దిగువనే ఉంచాలని ప్రభుత్వం పట్టుబడితే ద్రవ్యోల్బణం ఏటికేడాది పెరుగుతూ పోవాలి. కాబట్టి స్వల్పకాలంలో కిందికి వాలిన రేఖ, దీర్ఘకాలంలో నిలువు గీత అవుతుంది. ఈ మొత్తం చర్చలో ఇంతకంటే ముఖ్యమైన భాగం మరొకటి లేదని నేను భావిస్తాను. నిరుద్యోగాన్ని తాత్కాలికంగా తగ్గించింది ద్రవ్యోల్బణం కాదు, ఊహించని ద్రవ్యోల్బణం. ప్రజలు దానిని ఊహించడం నేర్చుకున్నాక ఆ ప్రయోజనం మిగలదు.

1970వ దశకం ఈ వాదనను నిరూపించడమే కాకుండా, రెండవ సమస్యను కూడా బయటపెట్టింది. 1973 అక్టోబరు తరువాత కొద్ది నెలల్లోనే ముడి చమురు ధర బ్యారెల్‌కు సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దగ్గరకు చేరింది. ఉత్పత్తి ఖర్చు పెరిగితే ధరలు పెరుగుతాయి, అదే సమయంలో ఉత్పత్తి తగ్గి ఉద్యోగాలు పోతాయి. 1975లో అమెరికాలో నిరుద్యోగం 8.5 శాతం, ద్రవ్యోల్బణం 9 శాతం. గిరాకీ పెరగడం వల్ల పుట్టిన ద్రవ్యోల్బణంలో ఈ రెండూ ఎదురెదురుగా కదులుతాయి, సరఫరా దెబ్బతినడం వల్ల పుట్టిన ద్రవ్యోల్బణంలో రెండూ కలిసి పైకి వెళతాయి. మన దేశం ఈ అనుభవాన్ని ఇంకా కఠినంగా చవిచూసింది. 1972లో వానలు లేవు, మరుసటి ఏడాది చమురు దెబ్బ తగిలింది, 1974-75లో టోకు ధరల ద్రవ్యోల్బణం 25 శాతానికి చేరగా ఆర్థిక వృద్ధి 1 శాతం పైచిలుకు దగ్గర ఆగిపోయింది. 1974లో కేంద్ర ప్రభుత్వం జీతాల పెంపు మొత్తాన్ని, అదనపు కరవు భత్యంలో సగాన్ని నిర్బంధ డిపాజిట్లుగా జమ చేయించింది. ఆ తరం ఉద్యోగులకు అది ఇప్పటికీ గుర్తుండే విషయం. ధరలు పెరిగాయని జీతాలు, జీతాలు పెరిగాయని ధరలు పెరిగే చక్రాన్ని మధ్యలో తెంచడానికి చేసిన ప్రయత్నం అది.

అమెరికా ఆ చక్రాన్ని తెంచిన తీరు వేరు. 1979 ఆగస్టులో అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్ పగ్గాలు చేపట్టిన పాల్ వోల్కర్ కాలంలో స్వల్పకాలిక వడ్డీ రేట్లు 20 శాతం దాకా వెళ్లాయి. 1980లో 13.5 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 1983 నాటికి 3 శాతం పైచిలుకుకు దిగింది, ఈ మధ్యలో 1982 చివర నిరుద్యోగం 10.8 శాతాన్ని తాకింది. ద్రవ్యోల్బణాన్ని దించడానికి ఉద్యోగాల రూపంలో మూల్యం చెల్లించాలన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన చారిత్రక సాక్ష్యం లేదు. అయితే ఆ మూల్యం అంత పెద్దది కావడానికి కారణం, పదేళ్లుగా ధరలు పెరుగుతూనే చూసిన ప్రజలు కేంద్ర బ్యాంకు మాటను నమ్మకపోవడం. 2022లో ఇదే కథ మరో విధంగా జరిగింది. ఆ జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతం. ఫెడరల్ రిజర్వ్ ఏడాదిన్నరలోపే రేటును దాదాపు సున్నా నుంచి 5.25-5.50 శాతానికి పెంచింది. 2023 జూన్ నాటికి ద్రవ్యోల్బణం 3 శాతానికి వచ్చింది, నిరుద్యోగం మాత్రం 4 శాతం లోపే ఉండిపోయింది. సరఫరా గొలుసులు కోలుకోవడం, ప్రజల దీర్ఘకాలిక అంచనాలు చెదరకపోవడం ఇందుకు తోడ్పడ్డాయి. 2022 మార్చిలో ఒక్కో నిరుద్యోగికి సుమారు రెండు ఖాళీలు ఉన్న లేబర్ మార్కెట్‌లో, పనిలో ఉన్నవారిని తీసివేయకుండా, ఖాళీలను తగ్గించడంతోనే వేతనాల ఒత్తిడి సడలింది.

ఇక మన లెక్కలు. ఇక్కడ మిమ్మల్ని కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కేంద్ర ప్రభుత్వం జరిపే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ప్రకారం సాధారణ స్థితి (గడిచిన ఏడాదిని బట్టి లెక్కించే) నిరుద్యోగ రేటు 2017-18లో 6.1 శాతం, 2019-20లో 4.8, 2022-23లో 3.2 శాతం. అవే సంవత్సరాల్లో వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం సగటున 3.6, 4.8, 6.7 శాతం. ఈ మూడు బిందువులను కాగితం మీద పెట్టి కలిపితే, ఫిలిప్స్ కూడా మెచ్చుకునేంత చక్కని వక్రరేఖ వస్తుంది. కొందరు విద్యార్థులు దీనిని గీసి, భారతదేశంలో ఫిలిప్స్ వక్రరేఖ పనిచేస్తోందని సమాధానంలో రాస్తున్నారు. అది తప్పు, ఎందుకు తప్పో తెలిస్తే మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

నిరుద్యోగం సగానికి తగ్గిన ఆ ఐదేళ్లలో జీతమిచ్చే ఉద్యోగాలు పోటీపడి పెరగలేదు. పనిచేసేవారిలో స్వయం ఉపాధి పొందేవారి వాటా 52 శాతం నుంచి 57 శాతానికి పెరిగింది. అందులోనూ సొంత కుటుంబపు పొలంలో, దుకాణంలో జీతం లేకుండా సహాయం చేసేవారి వాటా 13.6 నుంచి 18.3 శాతానికి చేరింది. వ్యవసాయంలో పనిచేసేవారి వాటా తగ్గాల్సింది పోయి 44.1 నుంచి 45.8 శాతానికి పెరిగింది. కరోనా కాలంలో పట్టణంలో పని పోయి ఊరికి వచ్చి, అన్నదమ్ములతో కలిసి అదే మూడెకరాలు చేసుకుంటున్న వ్యక్తి సర్వేలో ఉపాధి ఉన్నవాడే. ఇంట్లో ఆదాయం చాలక పాడి పశువుల పని చేపట్టిన ఇల్లాలు కూడా ఉపాధి ఉన్నవారే. వారి శ్రమ విలువను నేను తక్కువ చేయడం లేదు, ఆ పనికి మార్కెట్‌లో గిరాకీ పెరిగి వేతనాలను పైకి నెట్టిందని మాత్రం చెప్పలేమంటున్నాను. దీనికి అన్నిటికంటే బలమైన రుజువు గ్రామీణ వేతనాలే. పనివారి కొరత నిజంగా ఏర్పడి ఉంటే వాస్తవ వేతనాలు ఎగబాకాలి. నిరుద్యోగ రేటు తగ్గిన ఆ కాలంలో గ్రామీణ వాస్తవ వేతనాలు దాదాపు ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయాయి. ఫిలిప్స్ వక్రరేఖకు గుండెకాయ లాంటి వేతనం కదలనప్పుడు, రెండు చివర్లలో అంకెలు ఎదురెదురుగా కదలడం కాకతాళీయమే. ధరలు పెరిగింది వేరే కారణాల వల్ల, ముఖ్యంగా కరోనా అడ్డంకులు, ఉక్రెయిన్ యుద్ధం, ఆహార ధరల వల్ల.

నిరుద్యోగులుగా నమోదైనవారు ఎవరన్నది కూడా చూడాలి. 2022-23లో మొత్తం నిరుద్యోగం 3.2 శాతమైతే, డిగ్రీ, ఆపై చదువులు చదివినవారిలో అది 13 శాతం పైమాటే. పని లేకుండా కొంతకాలం ఎదురుచూడగలిగే స్తోమత ఉన్నవారే మన దేశంలో నిరుద్యోగులుగా కనిపిస్తారు, పూట గడవనివారు ఏదో ఒక పనిలో కుదురుకుంటారు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ చదువుకుంటున్న యువతీయువకులలో, పని వెతుకుతున్నామని చెప్పినవారు నిరుద్యోగులుగా, చదువుకుంటున్నామని మాత్రమే చెప్పినవారు శ్రామిక శక్తికి బయట ఉన్నవారుగా నమోదవుతారు. వారి సంఖ్య ఎంత పెరిగినా తాపీమేస్త్రీ కూలి తగ్గదు, కందిపప్పు ధర దిగదు. అందువల్లనే ఉద్యోగం లేదన్న బాధ, ధరల బాధ ఒకే ఇంట్లో ఒకేసారి ఉండటం మన దగ్గర అసాధారణం కాదు.

అలాగని వేతనాల మార్గం మన దేశంలో పూర్తిగా మూసుకుపోయిందనుకోకండి. 2021-22లో హైదరాబాద్, బెంగళూరు ఐటీ రంగంలో పని తెలిసినవారి కొరత ఏర్పడినప్పుడు, పలు పెద్ద కంపెనీల్లో ఏడాదిలో ఉద్యోగం మారేవారి శాతం 20 దాటింది, కంపెనీలు భారీ పెంపులతో ఒకరి ఉద్యోగులను మరొకరు తీసుకున్నాయి. ఫిలిప్స్ వర్ణించినది సరిగ్గా ఇదే. 2008 తరువాతి ఐదారేళ్లలో గ్రామీణ కూలి రేట్లు కూడా వేగంగా పెరిగాయి. నిర్మాణ రంగం ఊపు మీద ఉండటం, ఉపాధి హామీ పథకం కూలీకి బేరమాడే శక్తినివ్వడం అందుకు కారణాలుగా చెబుతారు. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ ఆ కాలంలో ఏటా 8 నుంచి 12 శాతం మధ్య పెరిగింది. కూలి పెంపులో ఉపాధి హామీ వాటా ఎంతన్న దానిపై ఆర్థికవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. నా దృష్టిలో ఆ ధరల పెరుగుదలకు పప్పులు, పాలు, కూరగాయల గిరాకీకి తగ్గ సరఫరా లేకపోవడమే ప్రధాన కారణం, కూలి పెంపు దానికి తోడైంది. మరోవైపు, ఈ మధ్య తెలంగాణ జిల్లాల్లో వరి నాట్ల సమయంలో బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు వచ్చి నాట్లు వేయడం చూస్తున్నాం. ఒక చోట కొరత ఏర్పడగానే మరో చోట నుంచి కూలీలు రాగలిగినంత కాలం, ఆ కొరత వేతనాన్ని ఎక్కువ దూరం నెట్టలేదు.

ధరల సూచీ నిర్మాణం మరో కారణం. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న వినియోగదారుల ధరల సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతంగా ఉండేది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో 100 రూపాయలు దాటి పరుగెత్తిన నెలలో దేశ ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగబాకింది. ఆ పెరుగుదలలో వానలకు, చీడపీడలకు పాత్ర ఉంది కానీ నిరుద్యోగ రేటుకు లేదు. దీనికి ఎదురు దిశలో ఉదాహరణ 2025 అక్టోబరు. ఆ నెల ద్రవ్యోల్బణం 0.25 శాతం, ఆ సూచీ శ్రేణిలోనే అతి తక్కువ. అంతకుముందు జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఆర్థిక వృద్ధి 8.2 శాతం. పాఠ్యపుస్తక వక్రరేఖ ప్రకారం ఇంత వృద్ధి ఉన్నప్పుడు ధరలు వేడెక్కాలి. కానీ ఆహార ధరలు ఏడాది కిందటి కంటే 5 శాతం తక్కువగా ఉన్నాయి, అంతకుముందు నెలలోనే జీఎస్టీ రేట్లు కూడా తగ్గాయి.

ఇప్పుడు మీ రెండవ ప్రశ్నకు వస్తాను. 2016లో రిజర్వ్ బ్యాంకు చట్టాన్ని సవరించినప్పటి నుంచి ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, 2 నుంచి 6 శాతం హద్దుల మధ్య ఉంచడం, వడ్డీ రేటును నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ బాధ్యత. 2022లో వరుసగా మూడు త్రైమాసికాలు సగటు 6 శాతం దాటినప్పుడు, చట్టప్రకారం బ్యాంకు కేంద్రానికి కారణాలు వివరిస్తూ నివేదిక పంపవలసి వచ్చింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాలిక రుణాలపై వడ్డీని) 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. రేటు పెంచితే టమాటా పండదు కదా అని మీరు అడగవచ్చు, ఆ మాట సబబే. రేటు పెంపు లక్ష్యం ఆహార ధర కాదు, ఆ ధర మిగతావాటికి పాకడం. ఆహార ధరలు పెరిగితే పారిశ్రామిక కార్మికుల సూచీతో ముడిపడి ఉన్న కరవు భత్యం పెరుగుతుంది, ఇంటి అద్దె, ట్యూషన్ ఫీజు, హోటల్ భోజనం ధరలు నిర్ణయించేవారు రేపు ఇంకా పెరుగుతాయన్న అంచనాతో ముందే పెంచుతారు. హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో రిజర్వ్ బ్యాంకు జరిపే గృహస్థుల సర్వేలో, ప్రజలు ఊహించే ద్రవ్యోల్బణం అధికారిక అంకె కంటే ఎప్పుడూ కొన్ని శాతాలు ఎక్కువగానే ఉంటోంది. ఫ్రీడ్‌మన్ చెప్పిన అంచనాల సమస్య మన దగ్గర వంటింటి సరుకుల దగ్గరే మొదలవుతుంది.

అయితే రేటు పెంపుకు ఉద్యోగాల పరంగా మూల్యం లేదా అంటే, ఉంది. ఇంటి రుణం వాయిదా పెరిగి కొనుగోలుదారు వెనుకాడితే నిర్మాణం నెమ్మదిస్తుంది, చిన్న పరిశ్రమకు నిర్వహణ రుణం ఖరీదవుతుంది. కానీ ఆ మూల్యం మన నిరుద్యోగ రేటులో కనిపించదు. రేటు పెంచిన తరువాత కూడా 2023-24లో సర్వే రేటు 3.2 శాతంగానే నమోదైంది. నెలకు 25 రోజులు పని దొరికే మేస్త్రీకి 18 రోజులే దొరికితే అతను నిరుద్యోగిగా మారడు, అతని సంపాదన తగ్గుతుంది. అమెరికాలో వోల్కర్ విధానపు మూల్యాన్ని 10.8 శాతం అన్న ఒక్క అంకెతో చెప్పగలిగాం. మన దేశంలో అదే మూల్యం పనిదినాల్లో, సంపాదనలో, పట్టణం నుంచి పొలానికి తిరుగు వలసలో చెదిరిపోయి ఉంటుంది. అందుకే ఈ విషయంపై విశ్లేషణ రాసేటప్పుడు నిరుద్యోగ రేటు ఒక్కదానినే తీసుకోకండి. ఆహారం, ఇంధనం మినహాయించిన మూల ద్రవ్యోల్బణాన్ని, కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో ప్రకటించే గ్రామీణ కూలి రేట్లను, నెలజీతం ఉద్యోగుల వాటాను పక్కపక్కన పెట్టి చూడండి. కూలి రేట్లు, మూల ద్రవ్యోల్బణం రెండూ కలిసి పెరుగుతుంటే గిరాకీ ఒత్తిడి ఉన్నట్టు, అప్పుడు వడ్డీ రేటు సరైన మందు. కూలి కదలకుండా ఆహార ధరలే పెరుగుతుంటే ఆ సమస్యకు పరిష్కారం గిడ్డంగుల్లో, దిగుమతి నిర్ణయాల్లో, సాగునీటిలో వెతకాలి, వడ్డీ రేటు చేయగలిగింది అంచనాలు చెదరకుండా కాపాడటం వరకే.